జేసీ రోడ్డు సంచి, కిబ్బర్ మంచు

పాతికేళ్లుగా లిఫ్టుల మరమ్మతులో ఉన్నాను. సాగే తాడంటే నాకు పడదు. నలుగురు ఎక్కగానే లిఫ్టు గది అర అంగుళం కుంగిందంటే మా ఫోను మోగుతుంది. అలాంటిది, బెంగళూరు జేసీ రోడ్డులో ఒక దుకాణదారు నల్లటి నైలాన్ తాడు నా చేతిలో పెట్టి, "ఇది ముప్పై శాతం దాకా సాగుతుంది సార్, దీని గొప్పంతా అదే" అన్నప్పుడు, పామును పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

ఫిబ్రవరిలో ఆ తాడే మా బండిని మంచు కాలువలోంచి బయటికి తెచ్చింది. అదే సంచిలో వచ్చిన మిగతా సరుకు గురించి ఇంత మంచి మాట చెప్పలేను. మెచ్చుకోవడానికి ఒకటి, తిట్టడానికి నాలుగు ఉన్నాయి కాబట్టి దుకాణం పేరూ కంపెనీ పేరూ రాయడం లేదు.

మా బావమరిదికి మంచు చిరుతల పిచ్చి. మారతహళ్లిలో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి, ఏడాది సెలవులన్నీ కూడబెట్టి "బావా, హిమాచల్‌లో స్పితికి పోదాం, నీ జిమ్నీలో" అన్నాడు. చలికాలంలో కుంజుం కనుమ మూసుకుపోతుంది, మనాలి వైపు నుంచి స్పితిలోని కాజా ఊరికి దారి ఉండదు. సిమ్లా, రాంపుర్, నాకో, తాబో మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. బండి మంచులో కూరుకుపోతే లాగడానికి సామాను కావాలని జేసీ రోడ్డుకు వెళ్లాను. మంచు గొలుసులు ఉన్నాయా అని అడిగితే దుకాణదారు నవ్వాడు. హిందూపురం మనిషి, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడతాడు. "పదేళ్లలో గొలుసులు అడిగింది మీరొక్కరే సార్" అని, ఈ సంచి చూపించాడు. 14,500 రూపాయలు. లోపల 9 మీటర్ల సాగే తాడు, రెండు ఇనుప షాకిళ్లు (తాడును బండి కొక్కేనికి తగిలించే, అడ్డు పిన్ను ఉన్న కడియాలు), తాడుతోనే అల్లిన మెత్తని షాకిళ్లు రెండు, చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ పలకలు ఒక జత, మడత పార, చేతితొడుగులు, లాగేటప్పుడు తాడు మీద వేసే బరువు సంచి.

మర్నాడే తాడును మా వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. ఒక కొస స్తంభానికి, ఇంకో కొస చెయిన్ పుల్లీకి కట్టి, మధ్యలో ఎంత బరువుతో లాగుతున్నామో చూపించే లోడ్ సెల్ పెట్టి 2 టన్నుల దాకా లాగాను. తొమ్మిది మీటర్ల తాడు మీటరుకు కాస్త తక్కువగా సాగింది, వదలగానే వెనక్కి వచ్చింది. తెగే బరువు 8.6 టన్నులని చీటీ మీద ఉంది. అంతదాకా లాగితే ముందు మా యజమాని స్తంభం తెగుతుంది కాబట్టి అక్కడితో ఆపాను. జిమ్నీ ఖాళీ బరువు 1,200 కిలోల చుట్టూ ఉంటుంది. మేమిద్దరం, సామాను, అదనపు పెట్రోలు కలిపితే టన్నున్నర. ఈ తాడు చాలు. ఇంకా లావుది ఉందని దుకాణదారు ఆశ పెట్టాడు కానీ వద్దన్నాను. తేలిక బండికి మరీ లావు తాడు కడితే అది సాగనే సాగదు, సాగనప్పుడు మామూలు మోకుతో కట్టినా ఒకటే.

ఇనుప షాకిళ్లు మాత్రం మొదటి చూపులోనే దొరికిపోయాయి. మంచి షాకిల్ ఎంత బరువు మోయగలదో ఆ ఇనుములోనే ఉబ్బెత్తు అక్షరాలుగా ఉంటుంది. వీటి మీద 4.75 టన్నులని తెల్ల రంగుతో అచ్చు వేశారు. గోటితో గీకితే 75 ఊడి వచ్చింది. ఆ బరువు మోసే షాకిల్‌కు ఒంపు కడ్డీ 19 మిల్లీమీటర్లు, అడ్డు పిన్ను 22 ఉండాలి. వెర్నియర్ పెట్టి కొలిస్తే 17, 19 వచ్చాయి. తిరిగి వెళ్లి చూపిస్తే, "అందరూ ఇవే తీసుకెళ్తున్నారు సార్" అన్నాడు. అందరూ తీసుకెళ్లడమే నా భయం. సాగిన తాడు కొసన ఇనుప ముక్క విరిగితే అది ఫిరంగి గుండే. ట్రైలర్ తగిలించే గుండుకు తాడు వేసి లాగినప్పుడు ఆ గుండు ఊడి ఎగిరి మనుషులు చనిపోయిన సంఘటనలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. 900 రూపాయలు అదనంగా కట్టి, అక్షరాలు ఉన్న షాకిళ్లు తెచ్చుకున్నాను.

సంచి కొన్నవారికి ఒక పూట శిక్షణ ఉచితం. కనకపుర రోడ్డు దాటాక ఒక ఎండిన చెరువులో నీళ్లు పోసి ఎర్రమట్టి బురద చేసి పెట్టారు. శిక్షకుడు కుర్రవాడే కానీ ఒక్క విషయంలో గట్టివాడు. తాడు బిగిసే ముందు చూస్తున్నవాళ్లందరినీ తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరం అడుగులు లెక్కపెట్టించి మరీ నిలబెట్టాడు. ఒకాయన ఫోనుతో వీడియో తీయడానికి ముందుకొస్తే శిక్షణే ఆపేశాడు. ఆ పూటకు అది చాలు. నచ్చనిది, ప్రతిదానికీ "యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి" అనడం. బురదలో అది నడుస్తుంది, చక్రం గిర్రున తిరిగి గాడుల్లోని మట్టిని విదిలించుకుంటుంది. మంచులో అదే పని చేస్తే చక్రం కింద మంచు కరిగి, నునుపు తేలి, అద్దమై కూర్చుంటుంది. ఆ తేడా ఆయన చెప్పలేదు. బెంగళూరులో ఎవరు అడుగుతారు?

ఇక కిబ్బర్. అది 4,200 మీటర్లకు పైన ఉన్న ఊరు. మూడు రోజులు ఉన్నాం. చిరుత కనిపించింది, అంటే ఎదుటి కొండ మీద ఒక రాయి పది నిమిషాల పాటు కదిలింది. బావమరిది ఏడ్చినంత పని చేశాడు. నాలుగో రోజు మధ్యాహ్నం మూడున్నరకు కాజాకు దిగుతున్నాం. పొద్దుటి ఎండకు కరిగి రోడ్డు మీద పారిన నీరు, కొండ నీడ పడగానే మళ్లీ గడ్డకట్టింది. చూస్తే తడిసిన తారులాగే ఉంటుంది.

రాంపుర్‌లో మాకు దొరికిన గొలుసులు ఒకటే జత. వాటిని వెనక చక్రాలకు వేశాను. ఎక్కేటప్పుడు దర్జాగా ఎక్కాం. దిగేటప్పుడు బండి బరువంతా ముందుకొస్తుంది, తిరగాల్సినవీ ముందు చక్రాలే, వాటికేమో పట్టు లేదు. తప్పు పూర్తిగా నాది, సంచిది కాదు. మలుపులో బ్రేకు వేస్తే పెడల్ పాదం కింద గుర్రుమంది, బండి మాత్రం తన దారిన తాను పోయింది. కుడివైపు లోయ. బ్రేకు వదిలేస్తే ముందు చక్రాలు కాస్త మాట విన్నాయి, ఎడమకు, కొండ వైపుకు తిప్పేశాను. ఎడమ చక్రాలు రెండూ మంచు కప్పేసిన కాలువలో దిగబడ్డాయి, బండి పొట్ట మంచు మీద కూర్చుంది.

"బావా, నా వైపు తలుపు రావడం లేదు."

"నా వైపు నుంచి దిగు. ముందు పొగ గొట్టం చూడు."

ఇది శిక్షణలో చెప్పరు. పొగ గొట్టం మంచులో పూడిపోయి ఉండగా హీటర్ కోసం ఇంజను నడుపుతూ కూర్చుంటే విషవాయువు లోపలికి వస్తుంది. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ దగ్గర మంచులో ఇరుక్కున్న కార్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు. చలితో పాటు ఆ వాయువూ కొందరిని తీసుకుపోయింది. మా గొట్టం సగం పూడింది. దాన్ని తవ్వడంతోనే మడత పార ఉద్యోగ విరమణ చేసింది, మూడో పోటుకు మడత దగ్గర విరిగింది. కొత్త మంచు దూదిలా ఉంటుంది గానీ కాలువలో నెల రోజులుగా పేరుకున్న మంచు అచ్చు బెల్లమే. తరువాత పొట్ట కిందదంతా ప్లాస్టిక్ పలకతో గోకి తీశాం. ఆ పలకలు పనికొచ్చింది అందుకొక్కదానికే. చక్రాల కింద పెడితే చలికి పెళుసెక్కిన పళ్లు పటపట విరిగాయి, ఒక పలక వెనక్కి ఎగిరి రోడ్డు దాటి లోయలోకి జారిపోయింది. ఆ చెత్త వేసిన పాపం నాది. చేతితొడుగులు గుడ్డవి, పది నిమిషాల్లో తడిసి గడ్డకట్టాయి. వాటి గురించి ఇంతకంటే రాయడం దండగ.

తాడు కూడా మొదట నా పరువు తీసింది. ముందు రోజు తడిసిన దాన్ని పైన క్యారియర్‌కు కట్టి వదిలేశాను. విప్పితే వెదురు గడలా ఉంది, చుట్ట చుట్టిన ఆకారంలోనే బిగుసుకుపోయింది. నైలాన్ నీళ్లు పీలుస్తుంది, తడిసినప్పుడు కొంత బలమూ తగ్గుతుంది. బానెట్ మీద పరిచి పావుగంట కాచాం, ఆవిరి వచ్చింది.

ఈలోగా కిందనుంచి ఒక పికప్ బండి వచ్చింది. నాలుగు చక్రాలకూ గొలుసులు, వెనక రెండు బస్తాల పొయ్యి బూడిద. డ్రైవరు కిబ్బర్ మనిషే. దిగీ దిగగానే ఏమీ అడగకుండా మా చక్రాల ముందు బూడిద చల్లాడు. తాడును చేత్తో లాగి చూసి, "ఇది లాస్టిక్కా సాబ్?" అని హిందీలో అడిగి, తన ఇనుప తీగ తీయబోయాడు. బతిమాలి ఆపాను. పికప్ చాసిస్ కొక్కేనికి మెత్తని షాకిల్, మా వైపు కొక్కేనికి అక్షరాలున్న ఇనుప షాకిల్ వేశాం. పిన్ను పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పాను, లేకపోతే లాగాక పట్టేసి ఊడదు. బరువు సంచిలో మంచు నింపి తాడు నడుమ వేశాం. బావమరిదిని పైకి, వంపు వెనక్కి పంపాను.

గట్టిగా పరుగెత్తి లాగే చోటు కాదది, నాలుగు గజాల అవతల లోయ. అందుకే మీటరు వదులు మాత్రమే ఉంచి, నడక వేగంతో కదలమన్నాను. ఇక్కడే లిఫ్టువాడి బుద్ధికి కొత్త పాఠం. ఇనుప తీగతో అయితే పికప్ చక్రాలకు మంచు మీద ఎంత పట్టుందో అంతే లాగగలదు, ఆ తరువాత అవి తిరుగుతాయి తప్ప మా బండి కదలదు. సాగే తాడు అలా కాదు. పికప్ కదిలిన కదలికనంతా తాడు తనలో దాచుకుంటుంది, పికప్ ఆగాక కూడా లాగుతూనే ఉంటుంది. మొదటిసారి తాడు సన్నబడి, సన్నగా మూలిగింది. పికప్ ఆగిపోయింది, మేము ఆ తరువాత జానెడు జరిగాం. తాడు కాస్త వెచ్చబడింది, అయిదు నిమిషాలు ఆగాం. నేను రెండో గేరులో, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టీ పెట్టనట్టు ఉంచాను. రెండోసారి జిమ్నీ ఎవరో వీపున చెయ్యి వేసి నడిపించినట్టు, కుదుపు లేకుండా రోడ్డెక్కింది.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. బండిలో తాపేశ్వరం కాజాల డబ్బా ఉంది, చలికి రాళ్లయ్యాయి. "ఇవి కాజాలు" అంటే ఆయన కింద లోయలోని ఊరి వైపు చూపించి, "కాజా అదిగో" అన్నాడు. ఒకటి బుగ్గన పెట్టుకుని, మా గొలుసులు వెనకనుంచి ముందుకు మార్చే దాకా నిలబడి, "బ్రేకు సంగతి మరిచిపోండి, చిన్న గేరులో దించండి" అని చెప్పి వెళ్లాడు. కాజాలో ఇంకో జత గొలుసులు, పాతవి, సంపాదించాకే మళ్లీ బండి తీశాం.

బెంగళూరు వచ్చాక తాడును ఉతికి మేడ మీద ఆరేశాను. పై అంతస్తు ఆవిడ "ఊయల కడుతున్నారా?" అని అడిగారు. ఆరాక కొలిచాను. తొమ్మిది మీటర్ల తాడు తొమ్మిది మీటర్ల పన్నెండు సెంటీమీటర్లు ఉంది. లిఫ్టుకైతే అప్పుడే తీసి పారేసేవాణ్ని.

విరిగిన పార, మిగిలిన ఒక్క పలక పట్టుకుని జేసీ రోడ్డుకు వెళ్లాను. దుకాణదారు పార మడతను కిందికీ పైకీ ఊపి చూశాడు. "మంచులో తవ్వుతారని కంపెనీవాళ్లు అనుకుని ఉండరు సార్" అని, పారకు మాత్రం 600 రూపాయలు వెనక్కి ఇచ్చాడు. పలకలకు ఏమీ ఇవ్వలేదు, రెండోది కూడా తెస్తే చూద్దామన్నాడు. తాడు, మెత్తని షాకిళ్లు విడిగా అమ్ముతావా అని అడిగాను. 7,200కు ఇస్తాడట. మీరు వెళ్తే ఆ రెండే అడగండి. పార మాత్రం సిటీ మార్కెట్‌లో కర్రపిడిది కొనుక్కోండి.