పిల్లల ఆర్ట్ స్టూడియో: కుండల క్లాసు భేష్, పేపర్ మాషే హడావుడి

మట్టి కుండకి రంగులు వేయించే తీరు ఇక్కడ పద్ధతిగా ఉంది. గరుకు కాగితంతో రుద్ది, తడిగుడ్డతో దుమ్ము తుడిచి, రంగు బాగా పట్టడానికి ముందుగా వేసే తెల్ల ప్రైమర్ ఒక పూత వేయించి, అది ఆరాకే అక్రిలిక్ రంగులిస్తారు. ప్రైమర్ లేకపోతే మట్టి తడిని పీల్చేసి రంగు వెలవెలబోతుంది. పిల్లలు కడిగిన బ్రష్‌ని అలాగే రంగులో ముంచేస్తారు, నీళ్లు ఎక్కువై గీతలు కారిపోతాయి. అందుకే బ్రష్ తుడుచుకోవడానికి ప్రతి పిల్లాడి పక్కనా ఓ పాత గుడ్డ పెట్టారు.

పేపర్ మాషే, అంటే కాగితం ముక్కల్ని జిగురుతో పొరలుగా అంటించి బొమ్మలు చేయడం, మాత్రం గంటన్నర క్లాసులో తేలే పని కాదండీ. బెలూన్ మీద మైదా జిగురుతో మూడు పొరలు అంటించి, ఆరకుండానే రంగులేయిస్తున్నారు. ఇంటికి చేరేసరికి సొట్ట, ఆ తర్వాత బూజు. రెండు క్లాసులుగా విడగొడితే సరిపోయేది.

ఏప్రన్లు ఇస్తారు గానీ మరీ పొట్టి. అక్రిలిక్ ఆరితే బట్టల మీంచి వదలదు, పాత చొక్కా వేసి పంపండి.