కాంక్రీట్ స్లీపర్ గోడ: పని సూపర్, బిల్లు దగ్గరే కాస్త జాగ్రత్త

మేముండేది మెల్‌బోర్న్‌లో టార్నీట్ వైపు, వెనక యార్డులో పాత చెక్క రిటైనింగ్ వాల్ (ఎత్తు మీది మట్టి జారకుండా ఆపే గోడ) పుచ్చిపోయి ముందుకి ఒరిగిపోయింది, ఇంక దాన్ని పీకించేసి కాంక్రీట్ స్లీపర్లు (పొడవాటి కాంక్రీట్ పలకలు), గాల్వనైజ్డ్ స్టీల్ పోస్టులతో వేయించాం. చేసింది చిన్న లోకల్ టీమ్, పేరు రాయట్లేదు, ఎందుకో కిందికొస్తే మీకే తెలుస్తుంది.

ముందు పని గురించి. గోడ ఎత్తు 800 మిల్లీమీటర్లు, అంటే ఒకదానిమీద ఒకటి నాలుగు స్లీపర్లు. పోస్టు పైకి ఎంత ఉందో భూమిలోకి కూడా అంతే దింపారు. ఇక్కడి మట్టి మన నల్లరేగడి టైపే, వానకి ఉబ్బుతుంది ఎండకి బీటలిస్తుంది, గుంటలు పైపైన తీసి పోస్టు నిలబెట్టేస్తే రెండు మూడు చలికాలాలకే కదులుతుంది. పోస్టుల్ని కూడా నిటారుగా కాకుండా మట్టి వైపుకి కొంచెం వాల్చి పెట్టారు, తర్వాత మట్టి నెట్టినా గోడ బయటికి వంగినట్టు కనపడదు. 2 మీటర్ల స్లీపర్ ఒక్కోటి సుమారు 70 కిలోలుంటుంది, ఇద్దరు చెరో చివర పట్టుకుని పోస్టు గాడిలోకి పైనుంచి దింపుతుంటే మా నాన్నగారు కుర్చీ వేసుకుని మరీ చూశారు. ఒకదాని అంచు పెచ్చు ఊడితే వాళ్ళే పక్కన పడేసి కొత్తది వేశారు, మనం అడగక్కర్లేకుండానే.

నాకు బాగా నచ్చింది మాత్రం గోడ వెనకాల చేసిన పని. అడుగున నీళ్ళు బయటికి పోవడానికి చిల్లుల యాగ్ పైపు, దాని మీద 20 ఎం.ఎం. కంకర, మట్టి కంకరలోకి దిగకుండా, నీళ్ళని మాత్రం పోనిచ్చే జియోఫాబ్రిక్ గుడ్డ. కంకర పోసే ముందు ఆ మేస్త్రీ పైపులోకి హోస్ పెట్టి నీళ్ళు వదిలి, స్టార్మ్‌వాటర్ పిట్ (వాననీళ్ళు పోయే గుంట) దగ్గర కూర్చుని అవి వచ్చేదాకా చూశాడు. ఈ గోడలు పడిపోయేది ఎక్కువగా వెనక నీళ్ళు నిలబడే, కాబట్టి కొటేషన్‌లో డ్రైనేజ్ అని విడిగా రాసి లేకపోతే అది ఎంత చీప్ అయినా వదిలేయండి.

ఇప్పుడు గొడవ. ఈ ఏరియాలో ఎక్కడ తవ్వినా బసాల్ట్ రాళ్ళు తగులుతాయి, ఇక్కడ పనిచేసే వాళ్ళకి అది తెలియని విషయమేం కాదు. మాకూ తగిలాయి, గుంటలు తవ్వే ఆగర్ దిగక రాళ్ళు పగలగొట్టే బ్రేకర్ తెచ్చారు, ఓకే, కానీ అప్పుడు ఒక్క ముక్క చెప్పకుండా చివర బిల్లులో గంటల లెక్కన ఎక్స్‌ట్రా వేశారు. అడిగితే కొటేషన్ చివర చిన్నక్షరాల్లో ఉందిగా అన్నారు. ఉంది నిజమే, అయినా రాయి తగిలినప్పుడు ఒక ఫోన్ చేస్తే ఏం పోయింది బాబూ! మీరు వేయించుకుంటే రాళ్ళకి రేటెంత, తవ్విన మట్టి ఎవరు పట్టుకెళ్తారు, ఈ రెండూ ముందే రాయించుకోండి. ఎత్తు మీటరు దాటినా, పక్కింటి హద్దు పక్కనే కడుతున్నా పర్మిట్ కావాలేమో బిల్డింగ్ సర్వేయర్‌ని అడిగేయండి.

పనికి ఐదుకి ఐదు, మాట చెప్పే పద్ధతికి రెండు. మట్టి తీసుకెళ్ళడం వాళ్ళ లెక్కలో లేదట, కుప్ప ఇంకా సైడ్ గేట్ దగ్గరే ఉంది, ఫిల్లింగ్‌కి ఎవరికైనా కావాలంటే ట్రైలర్ తెచ్చుకుని పట్టుకెళ్ళండి, ఫ్రీ.