డాడ్జ్ వైపర్ ఆర్‌టీ/10: కుడికాలికి చదువు చెప్పే కారు

నా దగ్గర అమెరికన్ కంపెనీ డాడ్జ్ చేసిన స్పోర్ట్స్ కారు వైపర్, అదీ మొదటి తరం ఆర్‌టీ/10, ఉందని తెలియగానే అందరూ అడిగే మాట ఒక్కటే: "అది చాలా ప్రమాదకరమట కదా?" ఏళ్ల తరబడి నడిపాక నా జవాబు ఇది. టైర్లు కొత్తవై, వేడెక్కి, రోడ్డు పొడిగా ఉంటే ఇంతగా నమ్మదగిన కారును నేను మరొకటి చూడలేదు. టైర్లు చల్లగా ఉన్నా, పాతబడినా దాన్ని అసలు నమ్మను.

1992లో అమ్మకానికి వచ్చిన ఈ కారుకు పది సిలిండర్ల 8 లీటర్ల ఇంజిన్, 400 హార్స్‌పవర్, సుమారు 630 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజిన్ తిప్పే బలం), ఆరు గేర్లు. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రాలు పట్టు తప్పి తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. తలుపులకు బయట పిడి కూడా ఉండదు. వైపర్‌కు ఏబీఎస్ 2001లో గానీ రాలేదు. కారు పక్కకు జారకుండా కాచే స్టెబిలిటీ కంట్రోల్ అయితే 2013 మోడల్ దాకా ఆగింది.

ఇంత శక్తి ఉన్న కారులో యాక్సిలరేటర్ మెల్లగా నొక్కాలని ఎవరూ చెప్పనక్కర్లేదు. భయమే నేర్పుతుంది. అసలు కష్టం దాన్ని వదలడంలో ఉంది. మలుపు మధ్యలో వేగం ఎక్కువైందనిపించి కాలు చటుక్కున తీశామనుకోండి. బరువు ముందు చక్రాల మీదికి జరుగుతుంది, వెనుక చక్రాలు తేలికపడతాయి. అదే క్షణంలో 8 లీటర్ల ఇంజిన్ వెనక్కి పట్టి లాగుతుంది, ఆ లాగుడంతా తేలికపడిన వెనుక చక్రాల మీదే పడుతుంది. 335 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లున్నా సరే, కారు తోక బయటికి తిరుగుతుంది. ఈ కార్లు అదుపు తప్పేది ఎక్కువగా యాక్సిలరేటర్ బలంగా తొక్కినందుకేనని చాలామంది అనుకుంటారు. వదిలేసినందుకు తప్పేవి తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

దీన్ని నేర్చుకోవడానికి విశాలమైన ఖాళీ ట్రాక్ మీద మూడో గేరులో ఒకే వృత్తంలో తిరిగేవాణ్ణి. స్టీరింగ్ కదపకుండా, కాలి బొటనవేలి కింద ఒత్తిడి కొంచెం పెంచితే కారు ముక్కు వృత్తం బయటికి జరుగుతుంది. కొంచెం తగ్గిస్తే లోపలికి వస్తుంది. స్టీరింగ్ చేసే పనిలో సగం కుడికాలే చేస్తుంది. ఆ సంగతి ఒంటికి పట్టాక, తోక జారినప్పుడు కాలు పూర్తిగా తీయకుండా ఉంచగలిగాను. స్టీరింగ్‌ను జారిన వైపుకు తిప్పడం చేతులకు త్వరగానే వస్తుంది. దాన్ని తిరిగి నిటారుగా తేవడానికే సాధన కావాలి. వెనుక టైర్లకు పట్టు దొరికే సరికే చక్రాలు నేరుగా ఉండాలి. ఆలస్యమైతే కారు రెండో వైపుకు విసురుగా తిరుగుతుంది, ఆ రెండో ఊపు మొదటిదాని కంటే బలమైనది.

బ్రేకుల సంగతీ అంతే. పెడల్‌ను ఒక్కసారిగా తొక్కితే బరువు ముందుకు చేరకముందే ముందు చక్రాలు బిగుసుకుంటాయి, బిగుసుకున్న చక్రం మలుపు తిరగదు. పిండినట్టుగా ఒత్తిడి పెంచుతూ పోవాలి. హద్దు దగ్గరపడగానే టైరు సన్నగా కీచుమంటుంది, స్టీరింగ్ చేతిలో తేలికవుతుంది. అప్పుడు పాదం వెంట్రుకవాసి సడలిస్తే చాలు. గేరు తగ్గించేటప్పుడు ఇంజిన్ వేగాన్ని యాక్సిలరేటర్‌తో ఒక్కసారి పెంచి క్లచ్ వదలాలి. లేకపోతే తడి రోడ్డు మీద వెనుక చక్రాలు క్షణంపాటు పట్టేస్తాయి. పెడల్స్ ఎడమవైపుకు జరిగి ఉంటాయి కాబట్టి పాదం అలవాటు పడడానికి కొంత కాలం పడుతుంది.

టైర్ల గురించి మాత్రం మొండిగా చెబుతాను. ఇలాంటి కార్లు తక్కువ తిరుగుతాయి, అందుకే గాడులు అరగకముందే రబ్బరు గట్టిపడుతుంది. చూడడానికి కొత్త టైరే, పట్టు ఉండదు. టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే సంఖ్యలో చివరి నాలుగు అంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఆరేళ్లు దాటితే గాడులు ఎంత లోతున్నా నేను మార్చేస్తాను. బయల్దేరాక టైర్లు వేడెక్కేదాకా గట్టిగా నడపను.

ఇబ్బందులూ ఉన్నాయి. పొగగొట్టాలు తలుపుల కింద నుంచి పోతాయి, దిగేటప్పుడు పిక్క తగిలితే కాలుతుంది. క్యాబిన్ వేడెక్కిపోతుంది. వానలో బయటికి తీయను.

ఎలక్ట్రానిక్ సాయం దండగ అనే వాళ్లతో నేను ఏకీభవించను. ఏబీఎస్ ఒక్కో చక్రం బ్రేకును విడివిడిగా సడలించగలదు. ఒకే పెడల్ మీద ఉన్న మనిషి పాదానికి అది సాధ్యం కాదు. మామూలు రోడ్డు మీద, ఉన్న సాయాన్ని ఆపి నడపడం నాకు నచ్చదు. నేర్చుకోవాలంటే ముందు మాజ్దా మియాటా వంటి తేలికైన, వెనుక చక్రాలతో నడిచే కారులో, తడిపిన మైదానంలో, పక్కన శిక్షకుడితో మొదలుపెట్టండి. తోక ఎలా జారుతుందో, ఎలా పట్టుకోవాలో అక్కడ తక్కువ వేగంలోనే తెలుస్తుంది.

వైపరే కొనాలనుకుంటే, 1996లో వచ్చిన, గట్టి పైకప్పున్న వైపర్ జీటీఎస్‌కు 450 హార్స్‌పవర్‌తోపాటు ఎయిర్‌బ్యాగులూ ఉన్నాయి. వానలోనూ తిప్పాలనుకునేవారు ఏబీఎస్ ఉన్న 2001, 2002 కార్లనే వెతకండి. ఏది కొన్నా ముందుగా టైర్ల తేదీ చూసి, ఆ ఖర్చును కారు ధరలోనే కలిపి బేరమాడండి.