రాత్రి రంపం మోగితే ఎవరు లేస్తారు? మన టేకడవికి ఏ కాపలా మేలు

మా ఇంటి దర్వాజలు టేకువి. పదిహేనేళ్ల కింద హన్మకొండలో ఇల్లు కట్టుకున్నప్పుడు మా వడ్లాయన ఒక మాటన్నాడు: "సారూ, బిల్లుతో కొంటే ఒక రేటు, బిల్లు లేకుంటే అందుల సగం." మేం సగానికే కొన్నాం. తెల్లవారకముందే ట్రాలీ ఆటోలో, వరిగడ్డి కింద, సైజులు దిగాయి. ఎక్కడివని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. తాడ్వాయివో, మంగపేట వైపువో అయి ఉంటాయి. అడవిని ఎవరు కాపాడాలి అని ఇప్పుడు లెక్కలు వేస్తున్నవాడు ఒకప్పుడు దొంగ కలప కొన్నవాడే అని ముందే చెప్పుకోవడం మంచిది.

ఈ లెక్క ఇప్పుడెందుకంటే, మేడ మీద ఇంకో గది వేస్తున్నాం. మళ్లీ దర్వాజలు కావాలి.

అడవిని కాపాడటం అనగానే చాలామందికి అమెజానో, పడమటి కనుమలో గుర్తొస్తాయి. ఏడాదంతా తడి, ఏడాదంతా పచ్చదనం. మనది ఆ రకం కాదు, ఆకు రాల్చే ఎండు అడవి. ఏప్రిల్‌లో పస్రా దాటి ఏటూరునాగారం దారి పడితే చెట్లన్నీ చచ్చిపోయాయేమో అనిపిస్తుంది. తొలకరి పడ్డ కొద్దిరోజులకు అదే దారిలో ఎదుటి మలుపు కనిపించదు. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, ఏగిస, మొర్రి, వాటి మధ్య వెదురు పొదలు. వాటి నీడన దుప్పులు, కణుజులు, ఎలుగుబంట్లు, తాడ్వాయి వైపు అడవిదున్నలు. పాకాల చెరువును కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో, ఈ అడవి గుట్టల మధ్యే కట్టారు. చెరువులోకి నీళ్లు ఇప్పటికీ ఆ గుట్టల మీదినుంచే దిగుతాయి. అయినా వాన అడవి కాదు కదా అని దీన్ని చిన్నచూపు చూసేది మనమే.

నరకడం అంటే కూడా ఇక్కడ కంపెనీలు బుల్డోజర్లతో దిగడం కాదు. ఒకప్పుడు సర్కారే కూపులు వేసి, అంటే అడవిని ముక్కలుగా విడగొట్టి వంతులవారీగా, టేకు కొట్టించేది. 1996 డిసెంబరులో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, కేంద్రం ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ (అడవిని ఎలా నడపాలో రాసుకున్న ప్రణాళిక) లేకుండా అడవిలో చెట్టు కొట్టొద్దని ఆదేశించింది. ఇప్పుడు అడవి పోయేది రాత్రిపూట రంపాలకు, పత్తి వేసే పోడుకు, ఆపైన కాలువలకూ రోడ్లకూ గనులకూ.

మా బాపు చాలా ఏళ్లు బీడీలకు వాడే తునికాకు కొనే కల్లం మీద లెక్కలు రాశాడు. ఆకు సీజనంతా గోవిందరావుపేట అవతలి ఊళ్లలోనే ఉండేవాడు. ఆయన దగ్గర ఒక్కటే కొలత ఉండేది: "నడిరాత్రి అడవిల రంపం సప్పుడైతే ఎవడు లేస్తడో, వాడే అడవిని కాపాడతడు. కడమోళ్లది ఉత్త ముచ్చట." నేనూ ఆ కొలతతోనే చూస్తాను.

సర్కారు కంచె

మొదటి దారి అందరికీ తెలిసిందే. అడవికి గీత గీసి అభయారణ్యం అనో, టైగర్ రిజర్వ్ అనో పేరు పెట్టి, లోపల మనుషుల పని తగ్గించడం. మన వైపు దీనికి పెద్ద ఉదాహరణ జన్నారం చుట్టూ ఉన్న కవ్వాల్. 2012లో టైగర్ రిజర్వ్ అయింది. కోర్ ఏరియానే, అంటే నడిమి కట్టడి అడవే, 893 చదరపు కిలోమీటర్లు, దాని చుట్టూ అంతకంటే పెద్ద బఫర్.

దీనివల్ల మేలు లేదంటే అబద్ధమవుతుంది. రిజర్వ్ అయితే కేంద్రం డబ్బు వస్తుంది, గస్తీవాళ్లు అడవిలోనే ఉండే బేస్ క్యాంపులు వస్తాయి, రాత్రిళ్లు భారీ లారీలను ఆ రోడ్డు మీదికి రానివ్వరు. అంటే రంపం మోగితే లేచేవాడు ఒకడు అక్కడే పడుకుని ఉంటాడు. కానీ ఎవడు లేస్తున్నాడో కూడా చూడాలి. చాలాచోట్ల ఆయన పక్క గూడెం నుంచి కూలి మీద వచ్చిన వాచర్. చేతిలో టార్చీ, కర్ర. ఎదుటివాళ్ల దగ్గర గొడ్డళ్లు, వాహనం, ఫోన్లు. ఆయన జీతం రెండు నెలలు ఆగిందంటే ఆ రాత్రి నిద్ర గట్టిగానే పడుతుంది. తప్పు పట్టలేం.

ఇంకో విచిత్రం ఉంది. పులుల కోసం కవ్వాల్ సిద్ధం చేస్తే, మహారాష్ట్రలోని తడోబా వైపు నుంచి ప్రాణహిత దాటి వచ్చిన పులులు స్థిరపడి పిల్లల్ని పెట్టింది రిజర్వ్ బయట, కాగజ్‌నగర్ అడవుల్లో. ఊళ్లు, చేన్లు, పశువులు ఉన్న చోట. 2024 జనవరిలో అక్కడే రోజుల తేడాతో రెండు పులులు చచ్చిపోయాయి. పశువును చంపిన పులి మళ్లీ తినడానికి వస్తుందని తెలిసి, ఆ కళేబరానికి విషం పూశారన్నది బయటపడ్డ కథ. ఎద్దు పోయిన రైతుకు పరిహారం ఎంత త్వరగా అందుతుందన్న దాని మీదే పులి ప్రాణం ఆధారపడి ఉంటుంది. గీత లోపల ఎన్ని క్యాంపులున్నా ఆ సంగతి మారదు.

పులులు వచ్చిపోయే ఆ దారిని, అంటే కారిడార్‌ను, కాపాడాలని 2025 మేలో ప్రభుత్వం కుమురం భీమ్ కన్జర్వేషన్ రిజర్వ్ పేరుతో దాదాపు 1,492 చదరపు కిలోమీటర్లకు జీవో ఇచ్చింది. ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి. జులైలో ఆ జీవోను నిలిపేశారు. 1940లో జోడేఘాట్‌లో జల్, జంగల్, జమీన్ అంటూ ప్రాణమిచ్చిన మనిషి పేరే పెట్టి, ఆ జంగల్‌లో ఉన్నవాళ్లను ముందు అడగకపోతే ఏమవుతుంది మరి?

ఊళ్లను కోర్ బయటికి తరలించడం ఈ దారిలోనే కష్టమైన మెట్టు. కుటుంబానికి ఇచ్చే ప్యాకేజీ ఒకప్పుడు 10 లక్షలు, 2021 నుంచి 15 లక్షలు. కవ్వాల్ కోర్‌లోని రాంపూర్, మైసంపేట ఊళ్లను 2024లో కడెం వైపు తరలించారు. ఇష్టపడి బయటికొస్తే బడి, ఆస్పత్రి, కరెంటు దగ్గరవుతాయి, నిజమే. కానీ ఆ అడవిలో ఏ వాగు దారిలో దొంగబండ్లు పోతాయో తెలిసినవాళ్లు కూడా అదే లారీలో వెళ్లిపోతారు. ఈ నష్టాన్ని ఎవరూ లెక్కలో రాయరు.

ఊరి చేతికి

రెండో దారి, అడవిని దాని అంచున ఉన్న ఊరికే అప్పగించడం. నాకు ఎక్కువ ఆశ ఉన్నదీ, ఎక్కువ అనుమానం ఉన్నదీ దీని మీదే.

మన దగ్గర దీనికి పాత పేరు వన సంరక్షణ సమితి. ఉమ్మడి రాష్ట్రంలో 1992లో మొదలైంది. బాపు తిరిగిన ఊళ్లలో ఒకదాంట్లో సమితికి ఒక రేకుల గది, పేరు రాసిన బోర్డు, కుర్చీలు ఉండేవి. ప్రాజెక్టు డబ్బు వచ్చినన్నాళ్లు కందకాలు తవ్వారు, గస్తీ తిరిగారు. డబ్బు ఆగిపోయాక నేనొకసారి వెళ్లి చూస్తే ఆ గదిలో పత్తి బస్తాలున్నాయి. సమితికి పని ఇచ్చారు గాని హక్కు ఇవ్వలేదు. మీటింగు పెట్టాలన్నా, రూపాయి తీయాలన్నా ఆఫీసు సంతకం కావాలి. అలాంటి అడవి కోసం నడిరాత్రి ఎవరు లేస్తారు?

2006 అటవీ హక్కుల చట్టం ఈ చిక్కునే విప్పాలని చూసింది. సెక్షన్ 3(1)(ఐ) ప్రకారం ఊరు తరతరాలుగా వాడుకుంటూ కాపాడుకుంటున్న అడవి మొత్తం మీద, దాన్ని కాపాడే హక్కూ నడిపే హక్కూ గ్రామసభకు వస్తాయి. కానీ మన రాష్ట్రంలో ఈ చట్టం అంటే పోడు పట్టా అనే అర్థమే స్థిరపడింది. 2023 జూన్ చివర ఒక్కసారే లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పట్టాలిచ్చారు. పట్టా అవసరమే, దశాబ్దాలుగా దున్నుకుంటున్నవాళ్లకు కాగితం రావాల్సిందే. కాకపోతే ఆ కాగితం కాపాడేది చేనును, అడవిని కాదు. ఊరంతటికీ కలిపి ఇచ్చే హక్కు పత్రం ఉంటుందని కూడా చాలా గూడేల్లో తెలియదు.

ఉంటే ఏమవుతుందో చూడాలంటే పెద్ద దూరం పోనక్కర్లేదు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే సిరోంచ, అది గడ్చిరోలి జిల్లా. అదే జిల్లాలో మెండా లేఖా అనే గోండు ఊరికి 2009లో దాదాపు 1,800 హెక్టార్ల మీద సామూహిక హక్కు వచ్చింది. 2011లో వెదురు రవాణా పర్మిట్ పుస్తకం ఊరి చేతికే వచ్చింది. వెదురు ఎప్పుడు కొట్టాలి, ఎంత ఉంచాలి, ఎవరికి అమ్మాలి అన్నీ గ్రామసభలోనే. "ఢిల్లీలో, ముంబైలో మన సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు" అన్నది ఆ ఊరి మాట. అక్కడ చెట్టు పోతే నష్టం సర్కారుది కాదు, తమది. బాపు కొలతకు నూటికి నూరు మార్కులు పడేది ఇక్కడే.

ఇక అనుమానాల సంగతి. ఊరంటే ఒకే మనిషి కాదు. నా దర్వాజ కోసం ఆ టేకును కొట్టిన చెయ్యి కూడా ఏదో ఊరిదే. కొట్టినవాడికి కూలి, బండివాడికి కొంత, అసలు లాభం పట్నంలో సా మిల్లు దగ్గర. పైగా ఛత్తీస్‌గఢ్ గొడవలకు తట్టుకోలేక వచ్చి ములుగు, భూపాలపల్లి అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయ ఆదివాసీల సంగతి ఉంది. పాత ఊరి గ్రామసభ వాళ్లను లెక్కలోకి తీసుకుంటుందా? ఈ ప్రశ్నకు నా దగ్గర చక్కటి జవాబు లేదు. అడవిపందుల కోసం పెట్టే కరెంటు తీగలు, ఉచ్చులు కూడా ఊళ్లవే, వాటికి దుప్పి అయినా ఒకటే, పులి అయినా ఒకటే.

అయినా ఒక సంగతి మర్చిపోలేను. మేడారంలో చిలకలగుట్ట మీదికి మామూలు జనం ఎక్కరు. జాతరకు ముందు కోయ పూజారులు కంకవనం, అంటే వెదురు, తెచ్చి గద్దె మీద నిలుపుతారు. అక్కడ వెదురే దేవత. కాపలా పోస్టు లేకుండా ఒక గుట్ట ఇన్నాళ్లు నిలబడింది. (జాతరకు వచ్చే మనం కింద అడవిలో వదిలి పోయే ప్లాస్టిక్ వేరే కథ.)

నర్సరీ మొక్క

మూడో దారి, పోయినదానికి బదులు నాటడం. దీని మీద ఎక్కువ రాయాల్సింది లేదు. 2015లో హరితహారం మొదలుపెట్టినప్పుడు పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచుతామన్నారు. రోడ్ల పక్కన చెట్లు పెరిగాయి, మా కాలనీలో నీడ వచ్చింది, సంతోషం. కానీ ఫారెస్ట్ సర్వే లెక్కలో హెక్టారు జాగాలో చెట్ల నీడ పదో వంతు దాటితే అది అడవే. జామాయిల్ తోటైనా, మామిడి తోటైనా సరే. జామాయిల్ తోటలో ఎలుగుబంటి ఏం తింటుంది? కాళేశ్వరం ప్రాజెక్టుకు మూడు వేల హెక్టార్లకు పైగా అడవి ఇచ్చి ఇంకోచోట మొక్కలు నాటితే లెక్క సమానమైందనుకోవడం, తాత చనిపోయిన ఇంట్లో ఉయ్యాల కట్టి మనుషుల సంఖ్య సరిపోయిందనడమే. పైగా ఆ మొక్కలు నాటే జాగా చాలాసార్లు ఎవరో ఒకరు దున్నుకుంటున్నదే. 2019లో కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన రేంజ్ ఆఫీసర్ మీద జరిగిన దాడి అలా మొదలైందే. ఆ దాడి తప్పు. ఆ జాగా గొడవ తేల్చకుండా ట్రాక్టర్లు తోలడమూ తప్పే.

ఊరికే వదిలేస్తే?

2024 ఆగస్టు 31న తాడ్వాయి-మేడారం అడవిలో పెనుగాలికి ఒక్క దెబ్బతో యాభై వేలకు పైగా చెట్లు కూలాయి. 200 హెక్టార్ల దాకా నేలమట్టం. వెంటనే అందరూ అడిగింది, అక్కడ ఏ మొక్కలు నాటుతారని. నాకైతే నాటకపోవడమే మేలనిపించింది. టేకు మోడు మళ్లీ చిగురిస్తుంది, తునికి వేళ్ల నుంచి లేస్తుంది, వెదురు దుంప నుంచి పిలకలు వేస్తుంది. రెండు మూడు ఎండాకాలాలు మంట పడకుండా, పశువులు తొక్కకుండా చూస్తే అదే లేస్తుంది. అయితే "ఊరికే" అన్నది కూడా పనే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు, అది దాటి గుట్టంతా పాకుతుంది. ఆ నిప్పు ఆర్పేవాడు మళ్లీ ఊరివాడే కావాలి.

నా లెక్క

అన్నిచోట్లా ఒకటే మందు పనిచేయదు. కవ్వాల్ కోర్‌కు సర్కారు కంచే సరి, వాచర్ల జీతాలు మాత్రం నెలనెలా పడాలి, ఊళ్లు ఇష్టపడితేనే కదలాలి. ములుగు, భూపాలపల్లి, మహదేవపూర్ అడవులకు, కాగజ్‌నగర్ కారిడార్‌కు కూడా, నేను ఊరి వైపే. గ్రామసభకు మొత్తం అడవి మీద హక్కు పత్రం, తునికాకు, వెదురు డబ్బు నేరుగా చేతికి. పశువు పోతే వారంలో పరిహారం.

కానీ ఊరివాళ్లు చేయలేని పని ఒకటుంది. దుంగ ఒకసారి తారు రోడ్డెక్కి లారీలో పడితే గూడెం మనుషులు దాన్ని ఆపలేరు. అక్కడ సర్కారు ఉండాలి. అడవి లోపల ఊరు, రోడ్డు మీదా సా మిల్లు గేటు దగ్గరా సర్కారు. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు: యూనిఫాం వేసుకున్నవాళ్లు అడవిలో కట్టెల మోపు ఎత్తుకున్న ముసలమ్మను ఆపుతారు, వరంగల్ ఊళ్లోకి తెల్లారగట్ల వచ్చే ట్రాలీని ఎవరూ ఆపరు. నా ఇంటికి వచ్చిన ట్రాలీని ఎవరూ ఆపలేదు కదా.

మేడ మీది గదికి ఈసారి పాత కర్ర కొన్నాను. వరంగల్‌లో కూల్చేసిన ఒక పాత ఇంటి దూలాలు, బిల్లుతో సహా. మా వడ్లాయన మూడు రోజులు మొలలు పీకుతూ తిట్టుకున్నాడు. కనపడని మొల తగిలి రెండు రంపం బ్లేడ్లు పోయాయని వాటి డబ్బులు కూడా నా ఖాతాలోనే రాశాడు.