మూషిక జింకను చూడటానికి హైదరాబాద్ జూకి

అచ్చంపేట నుంచి తొమ్మిదో తరగతి పిల్లల్ని నెహ్రూ జూకి తీసుకెళ్లాం. పులినీ సింహాన్నీ చూపించడానికే అయితే ఇంత దూరం బస్సు మాట్లాడేదాన్ని కాదు. మా నల్లమలలో తిరిగే మూషిక జింక ఈ జూలో పుట్టి పెరిగి మళ్లీ అడవికి చేరుతోంది. ఆ సంగతి మా పిల్లలకు తెలియాలి అనుకున్నాను.

ముందు రోజు రాత్రి పాతబస్తీ వైపు ఒక డార్మిటరీలో దిగాం. అద్దె తక్కువ, పక్కలు శుభ్రంగానే ఉన్నాయి. కానీ తెల్లారేసరికి నీళ్లు ఆగిపోయాయి, ట్యాంకర్ వచ్చేదాకా కూర్చోవాల్సి వచ్చింది. పిల్లలతో వెళ్లేవాళ్లు నీళ్ల సంగతి గట్టిగా అడిగాకే అడ్వాన్స్ ఇవ్వండి.

1963లో తెరిచిన ఈ జూ మీర్ ఆలం చెరువు పక్కన దాదాపు 380 ఎకరాల్లో ఉంది. అంతా ఒక్క రోజులో చుట్టేస్తే ఏదీ మనసుకెక్కదు. ముందుగా ఉత్తరం రాసినందుకు సిబ్బందిలో ఒకాయన మా వెంట నడిచి వివరించారు. మీరు కూడా తప్పకుండా అడగండి, సగం చదువు అక్కడే ఉంది.

నిశాచర జంతువుల శాలలో పట్టపగలే చీకటి. కళ్లు అలవాటుపడ్డాక ఓ మూల మూషిక జింక కనిపించింది. మూడు కిలోలకు అటూ ఇటూ ఉంటుందేమో. కొమ్ముల్లేవు, గోధుమరంగు ఒంటి మీద తెల్లటి చుక్కలు, చారలు. పుల్లల్లాంటి కాళ్ల మీద కదలకుండా నిలబడి మావైపే చూసింది. "మేడం, మా తాత చెప్పేది దీని గురించే!" అన్నాడు మా చెంచు పిల్లవాడొకడు. కాసేపు మాకు పాఠం వాడే చెప్పాడు.

జూ, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన వన్యప్రాణి పరిశోధనశాల లాకోన్స్, కేంద్ర జూ అథారిటీ కలిసి 2010లో వీటి పెంపకం మొదలుపెట్టాయి. 2017లో కొన్నింటిని మా నల్లమలలోనే ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి చేర్చారు. తెచ్చి నేరుగా వదిలెయ్యలేదు. అడవిలోనే కంచె వేసిన చోట ఉంచి, అక్కడి తిండికి అలవాటుపడనిచ్చారు.

జూలోనే ఉన్న రాబందుల పెంపక కేంద్రంలోకి సందర్శకుల్ని రానివ్వరు. ఏడాదికి ఒక్క గుడ్డే పెట్టే పక్షి దగ్గర జనం గోల ఉండకూడదు కదా. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ కళేబరాల్లో మిగిలి, వాటిని తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. "మా బర్రెకు ఏ సూది వేస్తున్నారో అడుగుతా" అంది ఒక అమ్మాయి. ఆ మాటతో నా ప్రయాణం ఖర్చు గిట్టుబాటైంది.

సఫారీ బస్సు పిల్లల పట్టుదల వల్ల ఎక్కాం. సింహాలు చెట్టు కింద పడుకున్నాయి. సరదా తీరింది, అంతే. టైము తక్కువైతే దాన్నే వదిలెయ్యండి. మధ్యాహ్నం ఎండలో బ్యాటరీ బండి మాత్రం బాగా పనికొచ్చింది. పులిహోర, పెరుగన్నం మేమే కట్టుకెళ్లాం.

సోమవారం జూకి సెలవు, చూసుకుని బయల్దేరండి. ఇదే పిల్లల్ని వచ్చే చలికాలం మన్ననూరు మీదుగా ఫరహాబాద్ అడవికి తీసుకెళ్తాం.