నాలుగు తీగల సిగార్ బాక్స్ గిటార్: మూడు సెట్లు వేసి తీశాక నా రివ్యూ

చుట్టల పెట్టెతో సొంతంగా చేసుకునే గిటార్ ఇది. పెట్టె రెడీ, మెడ కర్ర రెడీ, తీగల్ని శృతి చేసే కీలు (ట్యూనర్లు) బిగించేశా, ఇక తీగలు వేసి వాయించడమే అనుకుంటే అక్కడే నెల రోజులు ఆగిపోయా. నాలుగు తీగలకి ఏ గేజ్ (తీగ మందం) వెయ్యాలి, ఏ శృతిలో పెట్టాలి అని ఎవర్ని అడిగినా ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెప్తారు. నా గిటార్ లెక్క ఇది: నట్ (మెడ పైచివర తీగలు ఆనే చోటు) నుంచి బ్రిడ్జి (పెట్టె మూత మీద తీగలు ఆనే కర్ర) దాకా 25 అంగుళాలు, మెడ పెట్టెలోంచి ఆ చివరిదాకా వెళ్తుంది, నట్ బదులు ఒక బోల్టు, తీగలు పట్టుకోడానికి తలుపు బందు. లోపల ట్రస్ రాడ్ (మెడ వంగకుండా పెట్టే లోహపు కడ్డీ) లాంటిదేం లేదు, మామూలు కర్రే.

మొదటిది, సిగార్ బాక్స్ గిటార్‌కి స్పెషల్ అని అమ్మే ఒక ప్యాక్, పేరు చెప్పను. కవర్ మీద గేజ్ అంకెల్లేవు, ఏ శృతికో రాయలేదు, నాలుగు తీగలు చుట్టి పెట్టారంతే. అంకె తెలియకపోతే ఎంత బిగించాలో ఎలా తెలుస్తుంది చెప్పండి? నేను గుడ్డిగా తిప్పుకుంటూ పోయా, సన్న తీగ టప్పుమని తెగి చేతిమీద చిన్న గీత పెట్టింది. ఒక స్టార్, అది కూడా తీగలు నిజంగానే నాలుగు ఉన్నందుకు.

రెండోది డాడారియో ఈజే 16, అకూస్టిక్ గిటార్‌కి వేసే మామూలు ఆరు తీగల ఫాస్ఫర్ బ్రాంజ్ సెట్, గేజ్ 12 నుంచి 53 దాకా (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క). తీగ చివర బాల్స్‌కి రంగులుంటాయి కాబట్టి వెతుక్కునే పనిలేదు, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, ఊదా, ఈ నాలుగు తీసుకుంటే చాలు, అంటే 42, 32, 24, 16. దీన్ని జి-డి-జి-బి లో పెట్టా (స్వరాల ఇంగ్లీషు పేర్లు, మందం తీగ నుంచి మొదలు). 42 ది మామూలుగా ఎ తీగ, దాన్ని జి కి దించాలి, మిగతా మూడూ వాటి శృతిలోనే ఉంటాయి. ఏమీ నొక్కకుండా మీటితేనే జి మేజర్ కార్డ్ మోగుతుంది, స్లైడ్ (తీగల మీద జరిపే గొట్టం) అడ్డంగా పెట్టి 5వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ పట్టీ) మీదకి పోతే సి, 7 మీద డి, ఇంకేం కావాలి. మొదటిసారి గాజు స్లైడ్ పెట్టి లాగినప్పుడు ఆ మందం తీగ గుర్రుమన్న సౌండ్‌కి నెల రోజుల విసుగు పోయింది.

కానీ బిగువు సంగతి చూసుకోవాలి. ఈ నాలుగూ కలిసి మెడని లాగే బలం సుమారు 100 పౌండ్లు, అంటే 45 కిలోలు. మెడ తట్టుకుంది, మూత తట్టుకోలా. మూడో రోజు బ్రిడ్జి దగ్గర స్టీల్ స్కేల్ అడ్డంగా పెట్టి చూస్తే కిందనుంచి వెలుతురు కనబడింది, మూత లోపలికి కుంగుతోందన్నమాట. తీగలు వదులు చేసి, లోపల బ్రిడ్జి కిందకి చిన్న కర్రముక్క అంటించా, ఆగింది. శృతి రెండు ఫ్రెట్ల ఎత్తు పెంచితే బిగువు పావు వంతు పైన పెరుగుతుంది, అంతే దించితే ఐదో వంతు తగ్గుతుంది, కాబట్టి పల్చటి పెట్టెలైతే మొత్తం ఓ మెట్టు దించి ఎఫ్-సి-ఎఫ్-ఎ లో పెట్టుకున్నా తప్పులేదు.

మూడోది ఎలక్ట్రిక్ సెట్, డాడారియో ఈఎక్స్ఎల్ 110, ఇందులోంచి 36, 26, 17, 13 వాడా. బిగువు అరవై పౌండ్ల చిల్లర, వేలికి మెత్తగా ఉంటుంది, ఫ్రెట్లు నొక్కి వాయించేవాళ్ళకి ఇదే హాయి. అయితే 17 తీగకి చుట్టు ఉండదు, ఉత్త తీగ, 12వ ఫ్రెట్ దగ్గర నొక్కితే హార్మోనిక్ (అక్కడే నొక్కకుండా వేలు తాకించి మీటితే వచ్చే స్వరం) కంటే శృతి పైకి పోతోంది, బ్రిడ్జిని ఆ తీగ వైపు కాస్త వెనక్కి జరిపితే గానీ కుదరలేదు. బ్రిడ్జి అంటించకుండా వదిలేయడం మంచిదైంది. స్లైడ్‌కి మాత్రం ఈ సెట్ వద్దు, తీగ కిందకి వంగి స్లైడ్ ఫ్రెట్‌కి తగిలి టకటకలాడుతుంది. లోపల మ్యాగ్నెటిక్ పికప్ (తీగ కదలికని అయస్కాంతంతో పట్టి ఆంప్లిఫయర్‌కి పంపేది) ఉంటే మాత్రం ఇదే వెయ్యాలి, బ్రాంజ్ చుట్టిన తీగలు దానికి సరిగ్గా వినబడవు. నాది పీజో బిళ్ళ (పెట్టె అదురుని పట్టే పికప్), దానికి ఏదైనా ఒకటే.

నైలాన్ కూడా ఒక సాయంత్రం వేసి చూశా, స్లైడ్ పెడితే ప్రాణం లేదు, తీసేశా. ఫ్రెట్లు లేకుండా మెత్తగా వేళ్ళతో మీటుకునేవాళ్ళకి పనికొస్తుందేమో.

ఇక శృతుల్లో ఒక్క గొడవ, జి-డి-జి-బి లో చివరి బి ఎప్పుడూ మేజరే పలుకుతుంది, కొంచెం విషాదంగా వాయిద్దామంటే అడ్డం పడుతుంది. అప్పుడు ఈజే 16 సెట్‌లో మిగిలిపోయిన 12 తీగని బి బదులు వేసి డి కి దించా, జి-డి-జి-డి అయింది, మేజరూ కాదు మైనరూ కాదు, తంబురాలాగా నిండుగా మోగుతుంది. 12 కాస్త వదులుగానే ఉంటుంది, 13 ఉంటే అది వెయ్యండి. గిటార్ కార్డులు ముందే వచ్చినవాళ్ళైతే ఇవేవీ వద్దు, డి-జి-బి-ఇ పెట్టేసుకోండి, గిటార్ కింది నాలుగు తీగలే కదా, కొత్తగా నేర్చుకునేదేం ఉండదు.

ఈజే 16 కి ఐదుకి నాలుగున్నర, ఎలక్ట్రిక్ సెట్‌కి నాలుగు. ఎలక్ట్రిక్ సెట్‌లో మిగిలిన 46 తీగని పారెయ్యలేదు, ముక్క కోసి కర్ర బ్రిడ్జి మీద రంపంలా ఇటూ అటూ రాస్తే 42 తీగకి గాడి పడింది.