నార్టన్ సెయింట్ ఫిలిప్‌లో సన్యాసుల సత్రం

ఇంగ్లండ్‌లో బాత్ నగరం చూడ్డానికి వెళ్లేవాళ్లు ఓ పూట మిగుల్చుకుని నార్టన్ సెయింట్ ఫిలిప్ కూడా వెళ్లిరండి. దక్షిణంగా 11 కిలోమీటర్లు, అంతే. ఫ్రోమ్ వెళ్లే బస్సు ఆ ఊళ్లో ఆగుతుంది. తిరుగు బస్సు వేళ మాత్రం ముందే చూసుకోండి.

మేం వెళ్లింది అక్కడి జార్జ్ ఇన్ కోసం. ఇన్ అంటే మన లెక్కలో సత్రం, పూటకూళ్లిల్లు కలిపినట్టు. 14వ శతాబ్దంలో దీన్ని కట్టించింది పక్కనున్న హింటన్ చార్టర్‌హౌస్ మఠంవాళ్లు. ఊళ్లో ఉన్ని సంతలు జరిగేవి. వర్తకులకు బస, సరుకుకు గోదాము రెండూ ఇక్కడే. మౌనం పాటించే సన్యాసులకు సంత బేరాల మీద రాబడి!

లోపలికి పోయే తొందరలో ఉండకండి, ముందు రోడ్డవతల నిలబడి చూడండి. కింది అంతస్తు రాతిది, మధ్యలో బండి పట్టేంత కమాను. దానిమీద రెండంతస్తులు కర్ర చట్రంతో, 15వ శతాబ్దంలో లేపినవి. ఒక్కో అంతస్తూ కిందిదాన్ని దాటి వీధిలోకి వచ్చేస్తుంది. మన పెంకుటిళ్లలో చూరు ముందుకొస్తుంది కదా, ఇక్కడ గోడే వచ్చింది. బయటికి సాగిన దూలాల కొసలమీద పై గోడ నిలబడ్డ తీరు అది. "రాతింటి మీద ఇంకెవరిదో కర్రిల్లు తెచ్చి పెట్టారేంటే" అంది మా అత్తయ్య. నేను చదువుకొచ్చిన వివరణంతా ఆ ముక్క ముందు దిగదుడుపే.

కమాను దాటి పెరట్లోకి వెళ్తే మెట్ల బురుజు కనిపిస్తుంది. ముందువైపుకన్నా నాకు ఇటే నచ్చింది. 1685లో రాజుమీద తిరగబడ్డ మన్మత్ డ్యూక్ ఇక్కడే మకాం వేశాడు. ఊళ్లో పోరు జరిగింది, తర్వాత సెడ్జ్‌మూర్‌లో ఓడిపోయాడు.

భోజనం బావుంది. శాకాహారులు ఫోన్ చేసి అడిగి వెళ్తే నయం.

రాత్రి బస మాత్రం బాత్‌లో, పేరెందుకులెండి. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, వేణ్ణీళ్లు ఒకరి స్నానానికే సరి. 1668 జూన్‌లో, డైరీతో పేరుపడ్డ లండన్ అధికారి శామ్యూల్ పీప్స్ ఇటు వస్తూ, ముందురాత్రి దిగిన సత్రంలో పరుపుల్లో పేలున్నాయని, దానికి నవ్వుకున్నామని డైరీలో రాసుకున్నాడు. నార్టన్ సెయింట్ ఫిలిప్‌లో బాగా తిన్నామనీ, 10 షిల్లింగులైందనీ కూడా రాశాడు. చన్నీళ్లు పోసుకున్న మా అత్తయ్యకు మాత్రం నవ్వు రాలేదు.